నాగూర్ వలి చూసిన మొదటి అధ్యాయం

గుంటూరు మిర్చి యార్డులో నాగూర్ వలి ఒక కమీషన్ కొట్టు గుమాస్తా. బస్తా మూతి విప్పి, పిడికెడు కాయలు బయటికి తీసి చూసి, సరుకు ఎలాంటిదో చెప్పేస్తాడు. మిగతా బస్తా కుమ్మరించమని అడగడు. కొత్తగా పరిచయమైన మనుషుల్ని కూడా అలాగే తేలుస్తాడు.

నలభై దాటాక భార్య మాబూబీతో కలిసి దూరవిద్యలో డిగ్రీకి కట్టాడు. బట్టలు కుట్టే మాబూబీ అన్నీ పాసై, పట్టాకు ఫ్రేము కట్టించి మిషను పైన గోడకు తగిలించింది. వలికి ఇంగ్లీషు మౌఖిక పరీక్ష ఒక్కటి మిగిలిపోయింది. ఈసారి కూడా తప్పితే మళ్లీ అన్ని పేపర్లూ రాయాలి. జాకెట్లు ఇవ్వటానికి వచ్చినవాళ్లంతా గోడ వైపు చూసి, "మరి నీదేదయ్యా?" అంటున్నారు.

ఆ పరీక్షకు ఒక నవల మొదటి అధ్యాయం పాఠం. తెల్లవాళ్లు ఏలుతున్న రోజుల్లో ఆఫ్రికాలో ఒక ఏటి ఒడ్డున పడవ ఆగుతుంది. మతప్రచారానికి వచ్చిన పాదిరి, భార్య, ఇద్దరు ఆడపిల్లలు దిగుతారు. పెట్టె ఒకటి నీళ్లలో పడుతుంది. పాదిరి మోసేవాళ్లను గొడుగుతో పొడిచి తిడతాడు. భార్య వాళ్లకు మంచినీళ్లు ఇస్తుంది.

"ఆయన తాలు కాయ. ఆమె మేలు రకం," అని వలి పుస్తకం మూసేశాడు.

"వాళ్లని దింపిన పడవ కూడా ఇంకా కదల్లేదు కదయ్యా! మిగతాది చదువు," అంది మాబూబీ.

"పరీక్షకు ఇచ్చింది మొదటి అధ్యాయమేగా? జాకెట్టు కుట్టాక కొలత తీస్తావా నువ్వు?"

"ఒంటి మీద వేసి చూడందే నా కొలత నేనే నమ్మను."

మౌఖిక పరీక్ష రోజు ఆమె కూడా వెంట వెళ్లి వరండాలో కిటికీ పక్కన నిలబడింది. లెక్చరర్ నతానియేలు గారు, కథ అర్థమైతే చాలని, తెలుగులోనే చెప్పమన్నారు. పడవ, పెట్టె, గొడుగు, నీళ్లు - వలి ఎక్కడా తడుముకోలేదు.

"బాగుంది. ఇంతకీ ఆయన ఎలాంటివాడంటారు?"

"నిలవకు పనికిరాని సరుకండి. తర్వాతి పడవకే వెనక్కి పోతాడు. ఆమె అక్కడే ఉండి బడి పెడుతుంది."

కిటికీ అవతల మాబూబీ నెత్తి కొట్టుకుంది.

"వెళ్లిపోయింది ఆమె," అన్నారు నతానియేలు గారు. "పిల్లల్ని తీసుకుని. ఆయన ఆ ఊరివాళ్ల భాష నేర్చుకుని, ముసలాడై, అక్కడే కన్నుమూశాడు."

వలి కుర్చీలో ముందుకు జరిగాడు. "కుదరదండి."

"ఏం కుదరదు?"

"పైన తాలు పోసి అడుగున మంచికాయ దాచే రైతు ఎక్కడన్నా ఉన్నాడాండీ? అట్టా అమ్మితే ఎవడు కొంటాడండీ?"

నతానియేలు గారు నవ్వు ఆపుకోలేక కళ్లజోడు తీశారు. "ఆ సంగతి రాసినాయన్ని అడగాలి. నేను అడగాల్సింది మొదటి అధ్యాయమే కాబట్టి పాసయ్యారు. వెళ్లండి."

వలి లేవలేదు. "గొడుగుతో పొడిచిన మాట నిజమేగదండీ?"

"నిజమే."

"మరి!"

మాబూబీ గుమ్మంలోకి వచ్చేసింది. "ఏమయ్యా, పాసంటుంటే లేచి రావేం? ఇంకాసేపు వాదించావంటే వేసిన మార్కులు తీసేసుకుంటారు!"

బయటికి రాగానే, "ముందు స్వీటు కొనిపెట్టు," అంది. వలి ఆమె సంచిలోంచి నవల లాక్కుని మెట్ల మీదే కూర్చున్నాడు. రెండో అధ్యాయం మొదటి వాక్యంలోనే తెలియని మాట తగిలింది.

"మాబూ, ఇదేంటి?"

"స్వీటు," అంది మాబూబీ.