ముట్టని కాఫీ

కార్ల షోరూమ్‌లో కాఫీ ఇస్తే ముఫ్లిహ్ కప్పు అందుకుంటాడు, పెదవికి ఆనించకుండానే బల్ల మీద పెడతాడు. అడిగింది ఇస్తామనే దాకా అతిథి కాఫీ ముట్టడు. జోర్డాన్ రాజధాని అమ్మాన్‌లో అది పాత మర్యాద. కొని రెండేళ్లు నిండకుండానే అతని టాక్సీ ఇంజన్‌లో తిరిగే టైమింగ్ చైను తెగి ఇంజనే పాడైంది. కంపెనీయే కొత్తది వేయాలి, లేకపోతే ఇల్లు గడవదు. తెగిన చైనును హల్వా డబ్బాలో పెట్టుకుని రోజూ వస్తాడు, బండిని సరిగ్గానే చూసుకున్నానని చూపడానికి ఆయిలు మార్పించిన రసీదులను మోకాలి మీద సాపు చేస్తూ కూర్చుంటాడు.

"తాగండి బాబాయ్," అన్నాడు మేనేజర్ రకాన్. "ఇది పిల్లనడిగే ఇల్లు కాదు, కంపెనీ."

"పిల్లనే అడిగుంటే ఈపాటికి ఇచ్చేసేవారు నాయనా."

"మీ ఒక్కరి బండికే వచ్చింది ఈ జబ్బు. మేమేం చేస్తాం?"

ముఫ్లిహ్ డబ్బా మూసి లేచాడు.

మర్నాడు పొద్దున, అలాగే చైను తెగిన మరో ఆరుగురు టాక్సీవాళ్లను వెంటబెట్టుకొచ్చాడు. బల్ల మీద ఏడు కప్పులు చల్లారాయి.