పాట ఎత్తుకోని గౌరమ్మ

రాయచూరు దగ్గరి శక్తినగర్‌లో కరెంటు కార్ఖానా పొగగొట్టాలు ఒకటి తర్వాత ఒకటి లేస్తున్న ఏళ్లలో, కాలనీ వెనక రేకుల చర్చిలో ఆదివారం పాట ఎత్తుకునేది గౌరమ్మ. బాప్తిస్మమప్పుడు రూతమ్మ అని పెట్టారు గానీ ఆ పేరు రిజిస్టరులోనే ఉండిపోయింది. చదివింది నాలుగో క్లాసు. తెలుగు పాటైనా కన్నడ పాటైనా ఆమె అందుకుంటే, చాపల మీద కునికేవాళ్లు కూడా లేచి చప్పట్లు కొట్టేవారు. భర్త అమరేశప్పది బొగ్గు వ్యాగన్లు ఖాళీ చేసేచోట పని. మాట తక్కువ మనిషి. గోడకు ఆనుకుని, కళ్లు మూసుకుని భార్య పాట వినేవాడు. ఒక్కగానొక్క కూతుర్ని లింగసుగూరుకు ఇచ్చాక ఇంట్లో మిగిలింది ఇద్దరే.

తొంభై ఆరులో, ఎండలు ముదిరిన ఒక ఆదివారం పొద్దున, అమరేశప్ప మంచం దిగలేదు.

"పానం ఎట్లనో అయితున్నది. ఇయ్యాల జర ఇంట్ల ఉంటవా?" అన్నాడు.

ఆమె అప్పటికే తెల్లచీర కట్టుకుని బైబిలు చేతిలో పట్టుకుంది. ఉప్పు వేసి నిమ్మకాయ నీళ్లు ఇచ్చింది. గ్యాసే అయ్యుంటుందని, పాటలు కాగానే వస్తానని చెప్పి వెళ్లింది.

పాటలు అరగంటలో ముగియాలి. ఆ రోజు సంఘం మంచి ఊపు మీద ఉంది. మూడు పాటలు ఐదయ్యాయి. పాస్టరు సాల్మనప్ప వెనక నుంచి ఇంకొకటి అన్నాడు, అది కాగానే మళ్లీ ఇంకొకటి అన్నాడు. మధ్యలో రెండుసార్లు ఆమెకు ఇల్లు మనసులో మెదిలింది. రెండుసార్లూ ఆమె గొంతు ఇంకా పెంచింది.

ఇల్లు చేరేసరికి అమరేశప్ప నీళ్లకుండ పక్కన నేల మీద పడి ఉన్నాడు. ఒళ్లు అప్పటికే చల్లబడింది. పక్కింటి తిమ్మమ్మ ఏడుస్తూ, ఎవరో పిలిచినట్టయిందనీ, చర్చి మైకు చప్పుడులో సరిగ్గా వినబడలేదనీ చెప్పింది. పాపం, ఆమె ఏ ఉద్దేశంతోనూ అనలేదు. గౌరమ్మకు మాత్రం ఆ మాట గుండెలో దిగబడిపోయింది.

దేవుని సేవలో ఉన్నావు, నీ తప్పేం లేదని వచ్చినవాళ్లంతా ఓదార్చారు. కార్ఖానా క్వార్టరు ఖాళీ చేసి ఆమె పక్కనున్న దేవసూగూరులో ఒక గది తీసుకుంది. జొన్నరొట్టెలు కొట్టి అమ్ముకుంటూ బతికింది. ఆదివారం చర్చికి వచ్చేది, అందరికంటే వెనక కూర్చునేది. పెదవి కదిపేది కాదు.

మళ్లీ పాడమని అడగడానికి సాల్మనప్ప మూడుసార్లు వచ్చి ఉత్తచేతులతో వెళ్లాడు. నాలుగోసారి ఆమె చెప్పింది.

"అయ్యా, దేవుని కోసమే పాడుతున్న అనుకున్న. ఆ పొద్దు ఆ దేవుడే రెండుసార్లు నన్ను ఇంటికి పొమ్మన్నడు. నా గొంతు నాకే తియ్యగ ఉండె. ఇనలే."

ఇంకొకటి, ఇంకొకటి అన్నది తానేనని సాల్మనప్పకు గుర్తుంది. ఇక ఆమెను పాడమనలేదు. కనీసం పాడే పిల్లలకైనా నేర్పమన్నాడు. ఆమె ఒక్క షరతు పెట్టింది. ఆరాధనకు ముందు పాడేవాళ్లంతా వెనకగదిలో పావుగంట నోరు మూసుకుని కూర్చోవాలి. మైకు చూసుకోవడం, డోలక్ బిగించుకోవడం అన్నీ దానికి ముందే అయిపోవాలి.

మొదట్లో వాళ్లకు అదేదో శిక్షలా అనిపించింది. ఇప్పుడు ముందు నిలబడి పాటలు నడిపించే రశ్మి, మౌనంగా కూర్చుని దేవుణ్ని ఏం అడగాలని అడిగింది.

"ఏం అడగకు. మీ ఇంట్లోల్లను ఒక్కొక్కల్నే తలుసుకో. ఎవరికాడ మనసు ఆగితే ఆడ్నే ఆగు."

నాలుగు నెలల తర్వాత, రాయచూరు నుంచి సంఘం పెద్దలు వచ్చిన ఆదివారం, ఆ పావుగంట మధ్యలో రశ్మి కళ్లు తెరిచింది. తల్లిని జ్వరంతో ఒంటరిగా వదిలి వచ్చానని, ఇంటికి వెళ్తానని మెల్లగా చెప్పింది. మిగతావాళ్లు సణిగారు. గౌరమ్మ లేచి వెనక తలుపు తీసింది.

ఆ రోజు పాటలు కుదరలేదు. శ్రుతి ఒకరిది ఒకచోట, ఇంకొకరిది ఇంకొకచోట. జనం తిరిగి గౌరమ్మ వైపు చూశారు. ఆమె లేచి నిలబడింది, నోరు తెరిచింది. గొంతు రాలేదు. అలాగే కూర్చుంది.

ఆశీర్వాదమయ్యాక రశ్మి వచ్చింది. ఉత్త జ్వరమేనని, గంజి తాగి అమ్మ పడుకుందని, అనవసరంగా అందరినీ ఇబ్బంది పెట్టానని సిగ్గుపడుతూ చెప్పింది. గౌరమ్మ ఆ పిల్ల రెండు చేతులూ పట్టుకుని, "మంచిదాయె బిడ్డా, మంచిదాయె" అంటూ ఏడ్చింది. భర్తను మట్టిచేసినప్పుడు కూడా అంతగా ఏడవలేదు. ఎందుకో తెలియక రశ్మి బెదిరిపోయింది.

ఆ తర్వాత పదకొండేళ్లు ఆమె ప్రతి ఆదివారం ఆ గదిలో పాడేవాళ్లతో కూర్చుంది. తాను మాత్రం పాడలేదు. మనసు కుదుటపడిందా అని ఒకసారి సాల్మనప్ప అడిగాడు.

"దేవుడు క్షమించిండని తెలుసయ్యా. గని ఆ పొద్దు మల్ల రాదు కద," అని, రొట్టెల పిండి తడపడానికి లేచి లోపలికి వెళ్లింది.