గడప దగ్గర పేరు

మార్చి ఎనిమిదో తేదీ, ఆదివారం, సాయంత్రం నాలుగున్నర. కరోనా వచ్చి అందరినీ ఇళ్లలో కూర్చోబెట్టడానికి కొద్ది రోజుల ముందు. ఆ రోజుల్లో నాకు అక్షరాలు కొత్త. వయసుకు యాభై దాటినా చదువుకు మాత్రం పసిపిల్లనే. దిల్‌సుఖ్‌నగర్ పోయే బస్సెక్కితే దారి పొడవునా దుకాణాల బోర్డులు పైకే చదువుతూ పోయేదాన్ని. పక్క సీటువాళ్ళు విసుక్కునేవారు. విసుక్కోనీ. అన్నేళ్లూ నోరు విప్పని ఊరు అప్పుడే నాతో మాట్లాడటం మొదలుపెట్టింది మరి.

ఎల్బీనగర్‌లో మా కాలనీ కమ్యూనిటీ హాలులో ఆ సాయంత్రం మహిళా దినం. ప్రతి ఏడూ మగవాళ్ళు స్టేజీ మీద కూర్చుని ఆడవాళ్ళ గొప్పతనం చెప్పేవారు, మేం కింద కూర్చుని సమోసాలు తినేవాళ్ళం. (సమోసాలు బాగుండేవి, అబద్ధమెందుకు.) ఆ ఏడు మాత్రం కోచింగ్ పిల్ల పూనుకుంది. గుంటూరు నుంచి వచ్చి మా పక్కింట్లో కిరాయికి ఉంటూ, దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటరులో పాఠాలు చెప్పే అమ్మాయి కనుక ఆ పేరు. ఆడవాళ్ళకు ఓటు ఎట్లా వచ్చింది, ఆస్తిలో వాటా ఎట్లా వచ్చింది అని బొమ్మలూ రాతలూ గోడలకు అంటించింది. చివరి అట్ట మీద మా చరిత్ర కూడా పెట్టింది. బడి పక్కన వైన్స్ దుకాణం తెరవబోతే మేమంతా రోడ్డు మీద బైఠాయించి ఆపిన కథ. దాన్ని మైకులో చదవాల్సింది నేను. అంతవరకు బాగానే ఉంది. కానీ ఆ పిల్ల గుమ్మం దగ్గర ఒక షరతు పెట్టింది.

"ఫలానావాళ్ళ అమ్మ, ఫలానావారి భార్య అంటే కుదరదండీ. ఎవరి పేరు వాళ్ళు మైకులో చెప్పి లోపలికి రావాలి."

గడప మీద నిలబెట్టి పేరు చెప్పమంటే మా వైపు ఆడవాళ్ళకు తెలిసింది ఒక్కటే. పెళ్ళయి వచ్చిన కోడలికి ఆడబిడ్డలు అడ్డం నిలబడి మొగుడి పేరు చెప్పిస్తారు, చెప్పందే లోపలికి రానివ్వరు. అందరికంటే ముందు నిలబడ్డ ఇస్త్రీ అక్క (ఇస్త్రీ బండి వాళ్ళది) మైకు చేతికి రాగానే చెంగు నోటికి అడ్డం పెట్టుకుని, "గడప మీద పసుపు ముగ్గు, గంగయ్య పేరంటే నాకు సిగ్గు" అనేసింది.

సౌండు బాక్సుకు వైర్లు కలుపుతున్న ఆమె మొగుడు తలెత్తి, "ఇంట్ల ఎన్నడన్న పడ్డవానే గా సిగ్గు?" అన్నాడు.

"మీ పేరండీ, మీవారిది కాదు," అని కోచింగ్ పిల్ల తల పట్టుకుంది.

"నా పేరుతోని ఏం పని బిడ్డా. ఆధార్ కార్డుల ఉంది, జూస్కో."

వెనక ఉన్న మిర్చీబజ్జీల వదిన అప్పటికే తన పాట సిద్ధం చేసుకుంటోంది. మలక్‌పేట నుంచి వచ్చి మాకు రవికలు కుట్టే దర్జీ ఖాలా, "మీరు పాటలు కట్టేదాంక సమోసాలు సల్లారుతయి" అంది. నవ్వులే నవ్వులు.

నాకు మాత్రం నవ్వు రాలేదు. నా అసలు పేరు అండాలు. మా అత్త పేరూ అండాలే. పోచంపల్లి దగ్గర మా ఊళ్ళో పెళ్ళి పీటల మీదనే మామ తేల్చేశాడు, కొడుకు పెళ్ళాన్ని కేకేస్తే తల్లిని పిలిచినట్టుంటుంది, ఒక ఇంటికి ఒక అండాలు చాలని. నన్ను సరోజను చేశారు. (ఆ సరోజ ఎవరో, ఆ పేరు ఎక్కడ దొరికిందో నాకు ఇప్పటికీ తెలియదు.) రేషన్ కార్డులో సరోజ, వేలిముద్ర పక్కన సరోజ. అక్షరాలు వచ్చాక జొన్నపిండి జల్లించేటప్పుడు చాటలో వేలితో అండాలు అని రాసుకుని, అత్త చెప్పుల చప్పుడు వినగానే చెరిపేసేదాన్ని. ఒక్కసారి ఆ పేరు నలుగురిలో నా నోటితో చెప్పుకోవాలని ఆశ. చెప్పుకుందామంటే ఆ పేరుగల మనిషి చేతికర్రతో నా వెనకే నిలబడి ఉంది.

మైకు వచ్చింది. "అండాలు," అన్నాను.

"నేనింక గడపకాడికే రాలే, నా పేరెందుకు చెప్తివే?" అంది అత్త వెనక నుంచి.

"అది నా పేరత్తమ్మా."

"నీది సరోజ గదా."

"గది మీరు పెట్టిండ్రు. మా అవ్వ పెట్టింది అండాలే."

అత్త నన్ను కిందికీ మీదికీ చూసింది. అన్నేళ్లు ఒకే కుండలో అన్నం తిన్న మనిషి, పెళ్ళినాటి ఆ ముచ్చట నిజంగానే మరిచిపోయింది. మామ ఆనాడు అన్నమాటే అత్త నోట మళ్ళీ వస్తుందని కాచుకుని ఉన్నాను.

"మీ మామ పోయినంక నన్ను గా పేరుతోని పిలిచినోళ్లే లేరు," అంది చివరికి. "అందరికి అవ్వనే. ఉత్తగ పడున్న పేరు, నువ్వు గూడ వాడుకో. కాని పెద్దదాన్ని, ముందుగాల నేను చెప్తా. జరుగు."

మైకు గుంజుకుని పేరు చెప్పి లోపలికి పోయింది. పోయి ఊరుకోలేదు. వెనక్కి తిరిగి, ఆడబిడ్డ లెక్క గుమ్మానికి చేతికర్ర అడ్డం పెట్టింది. "ఇగ నువ్వు చెప్పు. గట్టిగ చెప్పు, లేకుంటే రానియ్య."

గట్టిగానే చెప్పాను. సౌండు బాక్సు కుయ్యిమంది.

తర్వాత వైన్స్ కథ చదివాను. వత్తులు మింగేశాను, ఒక లైను రెండుసార్లు చదివాను, అయినా చప్పట్లు కొట్టారు. ఇంటికి పోయీపోగానే అత్త, "ఓ సరోజా, మంచినీళ్లు దే" అంది. తెచ్చిచ్చాను. నాలుక మీద కూర్చున్న అలవాటు అంత తొందరగా లేవదు. అత్త ఇప్పుడు లేదు. నా పేరు నేను చెప్పుకోవడానికి జంకిన అప్పటి నన్ను తలుచుకుంటే నవ్వొస్తుంది, జర ముద్దు కూడా వస్తుంది.

ఆ రోజు ఆ గుమ్మం దగ్గర ఉన్నవాళ్ళం వీళ్ళం. ఇస్త్రీ అక్క నర్సమ్మ. మిర్చీబజ్జీల వదిన కళావతి. దర్జీ ఖాలా షాహీన్. కోచింగ్ పిల్ల అనూష. వైర్లు కలిపిన గంగయ్య (మగవాడైనా ఉన్నాడు కనుక). మా అత్త, అండాలు. నేను, అండాలు.