చొంగ కార్చే సింహం

నిన్న పనిమీద మా ఊరి పాత కచేరీకి వెళ్తే వాన పట్టుకుంది. తడిసిన రాతి వాసన తగలగానే ఎనిమిదేళ్ల వయసునాటి కోపం తిరిగొచ్చింది.

మా నాయన రాతిపనివాడు. కచేరీ మిద్దె అంచున విరిగిపోయిన సింహం తలకు బదులు కొత్తది చెక్కుతున్నాడు. నేను సద్ది తెచ్చేసరికి వరండా బెంచీ మీద కూర్చొని ఉన్నాడు.

"లెయ్యిరా! రాళ్లు కొట్టేటోనికి బెంచీ ఏంది?" అన్నాడు పెద్ద గుమాస్తా.

నాయన ఎండలో నిలబడి తిన్నాడు.

నాలుగు రోజులకు చూస్తే సింహానికి అచ్చం ఆ గుమాస్తా బండముక్కు, ఉబ్బు బుగ్గలు!

"వాన్ని సింహాన్ని చేసినావేంది నాయనా?" అని ఏడ్చాను.

"వాన రానీమ్మా," అంటూ నాయన దాని నోట్లో రంధ్రం తొలిచాడు.

సింహాన్ని పైకెక్కించిన రోజు గుమాస్తా మురిసిపోయి అందర్నీ పిలిచి చూపించాడు.

తొలివానకు మిద్దె నీళ్లన్నీ ఆ నోట్లోంచే కారాయి. కొనకనమిట్ల నుంచి వచ్చిన ముసలి రైతొకాయన, "అరె, గుమాస్తా సారు చొంగ కారుస్తుండాడే! ఎవరన్నా ఏమన్నా తెచ్చినారా?" అన్నాడు. వరండా అంతా నవ్వింది.

ఇప్పుడు గుమాస్తా లేడు, నాయనా లేడు. సింహం మాత్రం చొంగ కారుస్తూనే ఉంది. నేను ఆ బెంచీ మీదే కూర్చొని, వాన వెలిసేదాకా చూశాను.