‘ఎత్తు’ అన్న మాట

ఆనకట్ట గోడ రాష్ట్రానిది. గోడకు ఆనుకున్న నది పక్క రాష్ట్రంలోకి కూడా పారుతుంది కనుక కేంద్రం వారి నదీ బోర్డుది. గేట్లు ఎత్తి దించే లస్కరు మాత్రం ఇద్దరి మనిషీ. అంటే, తిట్టవలసి వచ్చినప్పుడు. గేట్ల గదిలో ఆయన బల్ల మీద రెండు ఫోన్లుండేవి, రాష్ట్ర ఇంజనీరుదొకటి, బోర్డుదొకటి. ఆయన భార్య వాటికి అత్తగారు, ఆడపడుచు అని నామకరణం చేసింది. రెండూ ఒకేసారి మోగితే ముందు ఎవరికి పలకాలో తేల్చుకునేలోపు ఆయన తల నెరిసింది.

ఆ వానల్లో నీరు ప్రమాదపు గుర్తు దాటింది.

“బోర్డు చెప్పందే ముట్టుకోకు,” అన్నాడు ఇంజనీరు.

“రాష్ట్రం అడగందే మేమెలా చెప్తాం?” అంది బోర్డు.

దిగువన పక్క రాష్ట్రం పొలాలున్నాయి. నోరు విప్పినవాడికే పాపం చుట్టుకుంటుందని ఇద్దరికీ తెలుసు. ఈలోగా, ఆనకట్ట నీళ్ళు వెనక్కి ఎగదన్నుతున్న ఎగువ పేట నుంచి లస్కరు అక్క ఆయన సెల్లుకు ఫోన్ చేసింది.

“ఒరేయ్, నీళ్ళు గడప దాటాయిరా! మీ బావ మంచం కదపడానికి ఒక్క మనిషి లేడు. అందరూ మేడలెక్కేశారు.”

“బావేమంటున్నాడక్కా?”

“ఏమంటాడు? కాళ్ళు పడిపోయాయి గానీ నోరు పడిపోలేదుగా. బావమరిది ఆనకట్ట మీదుంటే మనకేం భయమే అంటున్నాడు.”

అంతలో బోర్డు ఫోన్ మోగింది. ఎవరో కొత్త అధికారి. గొంతు ముక్కలు ముక్కలుగా వస్తోంది. “గేటు ఎత్తు... పదడుగులు...” లైను తెగింది.

ఆయన గేటు ఎత్తేశాడు. అక్క ఇల్లు నిలిచింది. దిగువ పొలాలు మునిగాయి.

గేటు ఎత్తు పదడుగులేనా అని కొలత అడిగాను తప్ప ఎత్తమనలేదని అధికారి మొత్తుకున్నాడు. ఆ విధంగా, రాజ్యాంగం తీర్చలేని తగాదా వ్యాకరణం నెత్తిన పడింది. ‘ఎత్తు’ నామవాచకమైతే తప్పు లస్కరుది, క్రియ అయితే బోర్డుది.

“ఎత్తమన్నట్టే వినబడిందని చెప్పవయ్యా, ఉద్యోగం నిలుస్తుంది,” విచారణ గది బయట గొణిగాడు ఇంజనీరు.

లోపల, ఏం వినబడిందని లస్కరును అడిగారు.

“ఏమోనండి. అప్పటికే అక్క ఇంట్లోకి నీళ్ళొచ్చాయి. ఆ క్షణంలో ‘ఆగు’ అన్నా నాకు ‘ఎత్తు’ అనే వినబడేదేమో.”

గేటు విషయంలో ఏనాడూ కుదరని ఏకాభిప్రాయం ఆయన విషయంలో ఆ సాయంత్రానికే కుదిరింది. ఉద్యోగం పోయింది.

కబురు తెలిసి అక్క పరుగున వచ్చి గుమ్మంలోనే కూలబడింది.

“నా మంచం తేలకుండా చూసి నీ కంచం పోగొట్టుకున్నావు కదరా!”

“నాదొక్కటే అయితే బాగుండునక్కా,” అన్నాడాయన. “దిగువన ఎన్ని పోయాయో.”