ఏటిలో మోటార్లు ఆపించిన వేసవి

శారదా నదిలో మా పట్నానికి తాగునీళ్ళిచ్చే ఊటబావులు అడుగంటిన ఏడాది, ఎగువనున్న రైతుల మోటార్లు ఆపించే పని నాకు అప్పగించారు. అనకాపల్లి మున్సిపాలిటీ మంచినీళ్ళ విభాగంలో నేను అసిస్టెంట్ ఇంజనీరుని. అయితే ఆ పనికి నన్నే ఎంచుకోవడానికి వేరే కారణం ఉంది. ఆ మోటార్లున్న ఊరు మా అక్క అత్తవారిది. వాటిలో ఒకటి మా బావది.

"మీ వాళ్ళే కదా మేడమ్, మీరే నచ్చజెప్పండి" అన్నాడు మా పై ఆఫీసరు నవ్వుతూ. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

ఎందుకంటే ఆ కరువు ఒక్క వానలు లేక వచ్చింది కాదు. ఏటా చలికాలంలో వేసవి ప్రణాళిక రాసేది నేనే. బావుల్లో ఇసక పూడిక తియ్యాలనీ, కాలువ నుంచి ఇంకో పైపులైను వెయ్యాలనీ ప్రతిసారీ రాశాను. ఒక ఏడు నిధులు మంజూరయ్యాయి కూడా. వాటిని మెయిన్‌రోడ్డు డివైడరు మీద రంగు దీపాలకు మళ్ళించారు. మరుసటి ఏడు, పాత బిల్లులే రాలేదని ఏ కాంట్రాక్టరూ టెండరు వెయ్యలేదు. మీటింగులో గట్టిగా అడిగితే, "రెండు వానలు పడితే మీ ప్లాను ఎవరికి కావాలి?" అన్నాడు ఆ ఆఫీసరే. అందరూ నవ్వారు. ఆ వానలు పడలేదు.

నేను వెళ్ళేసరికి రైతులు ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర గుమిగూడి ఉన్నారు. జీపులో నాతో ఒక లైన్‌మన్, ఒక కానిస్టేబులు వచ్చారు. బావ అందరికంటే ముందున్నాడు. నేను ఇంజనీరింగులో చేరినప్పుడు నా ట్రంకుపెట్టె బండి మీద పెట్టుకుని కాలేజీదాకా దింపి వచ్చిన మనిషి. అప్పటినుంచీ ఆ రోజుదాకా నన్ను "అమ్మీ" అనే పిలిచేవాడు.

"రండి ఇంజనీరు గారూ" అన్నాడు.

పట్నంలో తాగడానికి నీళ్ళు లేవనీ, వానలు పడేదాకా మోటార్లు ఆపమనీ అడిగాను.

"తాగడానికా? మీ ఈదిలో కార్లు కడుగుతుంటే సూసేను నేను. నా సెరుకు ఎండిపోతే ఎవడిత్తాడు?"

తాగే నీళ్ళ తర్వాతే సాగు అని రూలు చెప్పాను. రూలు నిజమే. కార్లు కడగడమూ నిజమే. చుట్టూ ఉన్నవాళ్ళు తలో మాటా అన్నారు. పట్నంవాళ్ళు తాగి మిగిల్చినవి మాకు పొయ్యండి అని ఒకాయన చేతులు జోడించి వెటకారం చేశాడు. బావ మాత్రం గొంతు పెంచలేదు.

"ఏడాది పొడుగునా బావుల్లో ఇసక తియ్యనేదు మీరు. నా ఫ్యూజు తియ్యడానికి మాత్రం జీపేసుకొచ్చేరు."

అదే మాట నేను ఆఫీసులో ఎన్నిసార్లు అన్నానో బావతో చెప్పుకోవచ్చు. కానిస్టేబులు ముందు నిలబడి సంజాయిషీ ఇచ్చుకోబుద్ధి కాలేదు. నా మాట నాకే అప్పజెబుతున్నాడని ఆయన మీద కూడా కోపం వచ్చింది. లైన్‌మన్ వైపు తిరిగి, తియ్యమన్నాను.

ఫ్యూజులు తీసేశాక వెనకనుంచి ఎవరో విసిరిన మట్టిగడ్డ జీపు అద్దానికి తగిలింది. బావ విసిరినవాణ్ణి కేకలేసి, నా దగ్గరికొచ్చి నెమ్మదిగా అన్నాడు.

"మా గుమ్మం తొక్కకు."

పదిహేను రోజులు తిరక్కుండానే అక్క ఫోను చేసింది. పెద్దచేలో చెరుకు గొడ్లకి కోసి వేసేస్తున్నారని చెప్పింది. నేను ఏదో అనబోయేలోపే పెట్టేసింది.

పోనీ పట్నం సంతోషించిందా అంటే అదీ లేదు. రోజు విడిచి రోజు వచ్చే కుళాయి చాలదని ఆడవాళ్ళు బిందెలతో ఆఫీసు గేటు దగ్గర కూర్చున్నారు. వాళ్ళకు సర్దిచెప్పడానికీ నన్నే పంపారు. మీ ఇంట్లో బోరుందా అని ఒకావిడ అడిగింది. ఉందన్నాను. ఆమె ఖాళీ బిందెను నా కాళ్ళ దగ్గర కుదేసి, ఇక నాతో మాట్లాడేదేమీ లేనట్టు అటు తిరిగి కూర్చుంది.

వర్షాలొచ్చాయి. అందరూ మరిచిపోయారు. చలికాలంలో మళ్ళీ ప్రణాళిక మీటింగు పెట్టారు. ఈసారి ఆఫీసరు చదివిన మొదటి అంశం ఎగువ మోటార్లు ఆపించడం. పోయినేడు బాగా పనిచేసిందనీ, ఖర్చు లేని పనని పైవాళ్ళు మెచ్చుకున్నారనీ చెప్పాడు.

"ఖర్చు ఎవరికి లేదు సార్?" అన్నాను.

ఎవరూ నవ్వలేదు. పూడిక పనికి నిధులు పెట్టకుండా ఆ అంశం పెడితే నేను సంతకం చెయ్యననీ, ఏటి దగ్గరికి వెళ్ళననీ చెప్పాను. ఆయన వాదించలేదు. నెల తిరక్కుండా నన్ను చెత్త సేకరణకు మార్చాడు. వేసవిలో నా స్థానంలో వచ్చిన కుర్ర ఇంజనీరు వెళ్ళి ఫ్యూజులు తీయించి వచ్చాడు.

మొన్న అక్క మా ఇంటికొచ్చింది. వంట గురించీ, మోకాళ్ళ నొప్పుల గురించీ మాట్లాడుకున్నాం. బావ వీధి చివర బండి ఆపి, దానిమీదే కూర్చున్నాడు. పిలవమంటావా అని అక్కని అడగలేదు. తనూ అనలేదు. అక్క వెళ్తానని లేస్తే గుమ్మందాకా వెళ్ళాను. ఆయన నన్ను చూసి బండి స్టార్ట్ చేశాడు. నేను లోపలికొచ్చి తలుపు వేసుకున్నాను.