నాయన చూడని వార్డు

మా చెల్లెలు చనిపోయిన ఆస్పత్రి ఫొటోను నేను నంద్యాలలో ఒక స్టూడియోలో చూశాను. అది 1959. టీచర్ ట్రైనింగ్ దరఖాస్తుకు ఫొటో కావాలని వెళ్తే, స్టూడియో ఆయన బల్ల మీద నాలుగైదు పెద్ద ఫొటోలు ఆరబెట్టుకుంటున్నాడు. ఆళ్లగడ్డ దగ్గర మూతబడిన మిషన్ ఆస్పత్రిని అమ్మకానికి పెట్టారనీ, కొనేవాళ్ళకు చూపించడానికి తీయించారనీ చెప్పాడు.

ఒకదాంట్లో పిల్లల వార్డు ఉంది. మంచాలు లేవు. వాటి కోళ్ళు ఆనిన చోట నాపరాళ్ళ మీద తుప్పు మరకలు మిగిలాయి. పెంకులు జారిపోయి ఎండ నేల మీద పడుతోంది. మూడో కిటికీకి ఒక రెక్క ఊడిపోయింది. ఆ కిటికీ కిందనే మా చెల్లెలి మంచం ఉండేది. నాకు ఏడుపు ఆగలేదు. ఆయన సంగతి అడిగి తెలుసుకుని, ఆ ఫొటోదే సరిగా రాని ఒక కాపీని కాగితంలో చుట్టి ఇచ్చాడు.

అప్పటికి ఐదేళ్ళ కిందటి మాట. మా ఊరు ఆళ్లగడ్డ నుంచి చాగలమర్రి పోయే దారిలో ఉంది. చెల్లెలికి ఆరేళ్ళు. గొంతు వాచి మెతుకు మింగలేకపోతే నాయన బండి కట్టి ఆస్పత్రికి తెచ్చాడు. అది ఆడవాళ్ళకూ పిల్లలకూ కట్టిన ఆస్పత్రి. మగవాళ్ళను గేటు దాటనిచ్చేవారు కాదు. అమ్మా, ఆడపిల్లను కాబట్టి నేనూ లోపల ఉన్నాం. నాయన ఎనిమిది రోజులు బయట గోడ పక్కన గోనెపట్టా పరుచుకుని కూర్చున్నాడు. తొమ్మిదో రోజు మధ్యాహ్నం నర్సులు దుప్పటిలో చుట్టి తెచ్చి ఇచ్చినప్పుడే ఆయన మళ్ళీ బిడ్డను చూశాడు.

ఆ తర్వాత ఇంట్లో ఎవరూ ఆ మాట ఎత్తలేదు. రెండేళ్ళకు ఆస్పత్రి నడిపే తెల్ల డాక్టరమ్మ తన దేశం వెళ్ళిపోయింది. ఆస్పత్రి మూతబడింది.

ఫొటో ఇంటికి తెచ్చాను. అమ్మ ఒక్కసారి చూసి మొహం తిప్పుకుని పొయ్యి దగ్గరికి పోయింది. నాయన దాన్ని గడప దగ్గర వెలుతురులోకి తీసుకుపోయి చాలాసేపు చూశాడు.

“యాడ పండుకోబెట్టిరి?” అన్నాడు.

వేలు పెట్టి చూపించాను.

“కిటికీ కాడనా. గాలి తగుల్తాండెనా బిడ్డకు?”

తగిలేదని చెప్పాను. కాసేపటికి తల ఎత్తకుండానే, “నన్ను అడిగెనా?” అన్నాడు.

నేను అబద్ధమాడాను. మూసిన కన్ను తెరవనే లేదనీ, ఎవరినీ అడగలేదనీ అన్నాను. ఆ మాటతో ఆయనకు కొంత నెమ్మది కలుగుతుందనుకున్నాను. అమ్మ పొయ్యి దగ్గర నుంచి లేచి వచ్చింది.

“దినామూ అడిగె. నాయన్ను పిల్చకరాపో అని ఏడ్చె. గోడకవతలే ఉండాడు, పొద్దున వస్తాడని చెప్తాంటి. ఇన్నాళ్ళూ నీకు చెప్పల్యాకపోతి” అంది.

అమ్మ ఆయన పక్కనే గడప మీద కూలబడింది. వాళ్ళిద్దరూ కలిసి ఏడవడం నేను చూసింది ఆ రోజే.

మరుసటి రోజు పొద్దున నాయన నన్ను వెంటబెట్టుకుని ఆస్పత్రికి నడిచాడు. కావలి ముసలాయన సంగతి విని గేటు తీశాడు. నాయన వార్డు వాకిట్లో చెప్పులు విడిచి లోపలికి వచ్చాడు. నేను చూపించిన చోట కూర్చుని, నాపరాయి మీద అరచేయి ఆనించాడు. ఎండెక్కినా లేవలేదు. ఇంటికి పోదామన్నాను.

“నువ్వు మీయమ్మ కాడికి పో. నేను రోంతసేపు ఉంటా” అన్నాడు.

మరుసటేడు ఆ భవనాన్ని కొన్నవాళ్ళు రాళ్ళ కోసం పడగొట్టారు. అప్పటి నుంచి నాయన ఆళ్లగడ్డకు ఆస్పత్రి ముందు నుంచి పోయే దారి మానుకుని, పొలాల వెంబడి చుట్టు తిరిగి పోయేవాడు.